పైసలు ఎక్కడికెళ్ళి వస్తున్నయి?

సావనీరుకు సైన్సు విద్యార్థులు కూడా ఏదైనా రాయాలని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు మొదట సౌరశక్తి గురించి రాద్దామనుకున్నాను. అది ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈ సంవత్సరం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల క్రిప్టో కరెన్సీ గురించి రాయవలసి వచ్చింది. ఇందులో నా తప్పు కూడా కొంత ఉన్నది. అది మొదటే చెప్పుకోవడం మంచిది.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. నాలుగెకరాల చెలక, ఒక బోరు, పత్తి, తిండికి సరిపడా వరి. కిందటి దసరాకు ఇంటికి పోయినప్పుడు మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ, తన ఫోనులో ఒక యాప్ చూపించి "బామ్మర్దీ, ఈ బిట్‌కాయిన్ అనేది నిజమేనా, ఉత్తదా?" అని అడిగాడు. అరుగు మీద పదిమంది కూర్చొని ఉన్నారు. పట్నంలో బి.ఎస్సి. చదివేవాణ్ణి, తెలియదంటే ఏం బాగుంటుంది? "నిజమే బావా, ప్రపంచమంతా నడుస్తున్నది. మైనింగు అంటే కంప్యూటర్లతోని తవ్వుతరు" అన్నాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాని బావ అడిగింది బిట్‌కాయిన్ గురించి కాదు, తన చేతిలో ఉన్న ఆ యాప్ గురించి. ఈ రెండూ వేరు వేరని నాకే తెలియదు. బావ అరవై వేలు కట్టాడు. ఊళ్ళో ఇంకో ఏడుగురి చేత కట్టించాడు. అందరికీ చెప్పిన మాట ఒకటే: "మా బామ్మర్ది పట్నంల సైన్సు చదువుతుండు, ఆయన గూడ నిజమే అన్నడు."

జనవరిలో పత్తి పైసలు చేతికి రాగానే బావ మా నాయినను లక్ష రూపాయలు అడిగాడు. నాయిన ఔననలేదు, కాదనలేదు. నాకు ఫోను చేసి "బిడ్డా, లక్ష పెడితే దినాం వెయ్యి వస్తదంటుండు. ఆ పైసలు ఎక్కడికెళ్ళి వస్తున్నయిరా అంటే నువ్వు చెప్తవంటుండు. మరి చెప్పు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చూసి చెప్తానన్నాను.

ఆ వారమే బావ హైదరాబాదుకు వచ్చాడు. ఆ కంపెనీవారు నాంపల్లి స్టేషను నుండి ఆబిడ్స్ వైపు పోయే రోడ్డులో ఒక లాడ్జి పైఅంతస్తు హాలులో ఆదివారం నాడు "అవగాహన సదస్సు" పెట్టారు. నుమాయిష్ రోజులు కాబట్టి నాంపల్లిలో కాలు పెట్టే సందు లేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. మామూలుగా అయితే నేను అక్కడే సాయంత్రం దాకా ఉండిపోయేవాణ్ణి. సదస్సులో నూటయాభై కుర్చీలు నిండిపోయాయి. సగానికి సగం మా ఊరి మనుషుల్లాగే కనబడ్డారు. సూటు వేసుకున్న ఒకాయన గోడ మీద పెద్ద పెద్ద షెడ్ల బొమ్మలు చూపించి, ఇవన్నీ విదేశాల్లో ఉన్న తమ మైనింగ్ యంత్రాలని, సర్కారు నోటు కూడా కాగితమే కనుక భయపడనక్కర లేదని గంటసేపు చెప్పాడు. నేను లేచి "సార్, ఆ యంత్రాలకు కరెంటు యూనిటు ఎంత పడుతుంది?" అని అడిగాను. చాలా మంచి ప్రశ్న, చివర్లో చెప్తామన్నాడు. చివర్లో సమోసా, చాయ్ ఇచ్చారు.

అక్కణ్ణుంచి బావా నేనూ స్టేషను దగ్గరి ఇరానీ హోటలుకు పోయి కూర్చున్నాము. వాళ్ళు పంచిన కరపత్రం వెనక ఖాళీగా ఉన్నది. నా లెక్కలు అక్కడ మొదలైనవి. ఆ తరువాత నెల రోజులు లైబ్రరీలోనూ, మా కంప్యూటర్స్ లెక్చరరుగారి దగ్గరా తెలుసుకున్నదంతా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సర్కారు నోటు కాగితమే అన్న మాట ముందు చూద్దాం. అందులో సగం నిజమున్నది, అది హైదరాబాదు వాళ్ళకు చెప్పనక్కర లేదు. మా నాయనమ్మ పెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి ఒకటి ఉన్నది. అది హాలీ సిక్కా. నిజాం ప్రభుత్వానికి సొంత నాణెం ఉండేది, 1918 నుండి సొంత నోట్లు కూడా ఉండేవి. నాంపల్లికి కూతవేటు దూరంలో సైఫాబాదు టంకశాల 1903లో మొదలైంది. ఆబిడ్స్ పక్కనే గన్‌ఫౌండ్రీలో 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తెరిచారు. బ్రిటిషు రూపాయిని మనవాళ్ళు కల్దారు అనేవారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు. సంస్థానం యూనియన్లో కలిసిన తరువాత కూడా కొన్నేళ్ళు రెండూ నడిచి, 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు ఆగిపోయింది. ఆనాటినుండి మా నాయనమ్మ రూపాయి విలువ అందులోని వెండి విలువే. కాగితపు నోటుకైతే అదీ లేదు.

కాబట్టి డబ్బు అనేది నమ్మకం మీదే నడుస్తుంది, నిజమే. ఎవరి మీద నమ్మకం అన్నదే ప్రశ్న. నోటు మీద రిజర్వు బ్యాంకు మాట ఉంటుంది. బిట్‌కాయిన్‌లో వెండీ లేదు, సర్కారూ లేదు. ఉన్నది ఒక లెక్కల పుస్తకం.

ఆ పుస్తకం సంగతి మా ఊరి భాషలో చెప్తాను. పూర్వం మా వైపు భూమి ఎవరిదో పట్వారీ దస్తరం చూస్తే తెలిసేది. పట్వారీ రాసిందే పహాణీ. ఆయన కలం జారితే పొలం జారేది. 1984లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది కాని, ఒకడి చేతిలో పుస్తకం ఉంటే వచ్చే భయం ఈనాటికీ రైతుకు పోలేదు. ఇప్పుడు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే పహాణీ నకలు ఉన్నదనుకోండి. ఎవరు ఎవరికి అమ్మినా అందరి నకళ్ళలోనూ ఒకేసారి ఎక్కుతుంది. ఒకడు తన నకలు దిద్దుకుంటే మిగతా ఊరంతా ఒప్పుకోదు. బిట్‌కాయిన్ అంటే ఇదే. 2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అనే మారుపేరుతో ఎవరో ఈ పద్ధతిని ఒక చిన్న వ్యాసంగా ప్రకటించారు. 2009 జనవరి 3న మొదటి పేజీ రాయబడింది. ఆ పేజీలనే బ్లాకులంటారు.

చిక్కంతా ఒకచోట ఉన్నది. కొత్త పేజీ ఎవరు రాయాలి? ఎవరు పడితే వాళ్ళు రాస్తే దొంగలు కూడా రాస్తారు. అందుకని రాసే హక్కుకు ఒక పోటీ పెట్టారు. షా-256 అనే గణిత ప్రక్రియ ఒకటి ఉన్నది. దానికి ఎంత పెద్ద రాత ఇచ్చినా 256 బిట్ల సంఖ్యగా మార్చి ఇస్తుంది. రాతలో ఒక్క చుక్క మార్చినా ఫలితం మొత్తం మారిపోతుంది. ఫలితాన్ని పట్టుకొని వెనక్కు పోయి రాత ఏమిటో కనుక్కునే దారి లేదు. పేజీ చివర ఏదో ఒక సంఖ్య చేర్చి ఈ ప్రక్రియ జరపాలి. ఫలితం ఒక హద్దు కంటే తక్కువ రావాలి. రాకపోతే ఇంకో సంఖ్య, మళ్ళీ ఇంకో సంఖ్య. ఎవరికి ముందు వస్తే వాళ్ళు పేజీ రాస్తారు. వాళ్ళకు బహుమానంగా కొత్త బిట్‌కాయిన్లు పుడతాయి. దీన్నే మైనింగు, తవ్వకం అంటున్నారు.

కంప్యూటర్లు ఏవో గొప్ప గణిత సమస్యలు సాధిస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నేనూ అరుగు మీద అట్లాగే చెప్పాను. అది తప్పు. పచ్చీసులో గవ్వలు వేసినట్టే. తెలివికి పని లేదు. ఎక్కువసార్లు వేసినవాడికి ఎక్కువ అవకాశం, అంతే. మరి ఇంత వృథా ఎందుకంటే, పేజీ రాయడం ఖర్చుతో కూడిన పని అయితేనే దొంగలెక్క రాసేవాడికి గిట్టదు. ఆ కరెంటు బిల్లే ఆ పుస్తకానికి కావలి.

బహుమానం మొదట పేజీకి 50 బిట్‌కాయిన్లు. సుమారు నాలుగేళ్ళకోసారి సగమవుతుంది. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్ నుండి 3.125. చివరికి మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు. పేజీ సగటున పది నిమిషాలకొకటి. అంటే రోజుకు 144 పేజీలు, 450 బిట్‌కాయిన్లు. ఈ 450 అన్న అంకె గుర్తుంచుకోవాలి. యంత్రాలు పెరిగి పేజీలు త్వరగా రావడం మొదలైతే, ప్రతి 2016 పేజీలకోసారి హద్దు దానంతటదే బిగుసుకుంటుంది. ప్రపంచంలో యంత్రాలు రెట్టింపైనా రోజుకు వచ్చేవి ఆ 450 మాత్రమే.

ఇది చదివినప్పుడు నాకు మా బోర్లు జ్ఞాపకం వచ్చాయి. మా జిల్లాలో ముషంపల్లి అనే ఊరు బోర్లకే పేరుపడింది. పక్కవాడు మూడు వందల ఫీట్లు వేస్తే మనం ఐదు వందలు వేస్తాం. మనకు నీళ్ళు వస్తే వాడికి ఎండుతుంది. వాడు అప్పు చేసి ఏడు వందలు వేస్తాడు. భూమిలో నీళ్ళు పెరిగినయా? లేదు. ఖర్చు పెరిగింది, రిగ్గు బండివాడు బాగుపడ్డాడు. బిట్‌కాయిన్ తవ్వకం అచ్చంగా ఇట్లాంటిదే.

ఇక కరపత్రం వెనక వేసిన లెక్క. సెకనుకు 110 లక్షల కోట్ల సార్లు ఆ గవ్వలు వేసే ప్రత్యేక యంత్రాలు ఉన్నాయి. ఇది ఇళ్ళలోని కంప్యూటరుతో అయ్యే పని కాదు. అటువంటి పెట్టె ఒకటి 3,250 వాట్లు తాగుతుంది. మా బావికాడి 5 హెచ్.పి. మోటారు సుమారు 3,700 వాట్లు. అంటే రాత్రింబగళ్ళు ఆపకుండా దాదాపు ఒక బోరు మోటారు నడిపినట్టు, మా మోటారంత మోతతోనే. ప్రపంచంలోని యంత్రాలన్నిటి బలం 2025 మధ్యనాటి లెక్కన చూస్తే ఇట్లాంటి పెట్టెలు సుమారు 82 లక్షలు కలిపినంత. సంవత్సరానికి 52,560 పేజీలు కాబట్టి ఒక పెట్టె ఒంటరిగా నడిస్తే ఒక్క పేజీ దొరకడానికి సగటున 156 సంవత్సరాలు పడుతుంది! ఈ అంకె చూసి బావ చాయ్ కప్పు కింద పెట్టాడు.

అందుకే చిన్నవాళ్ళు గుంపులుగా కలిసి తవ్వి, వచ్చింది పంచుకుంటారు. దాన్ని పూల్ అంటారు. అట్లా పంచుకుంటే మన పెట్టె వాటా రోజుకు 450లో 82 లక్షలవ భాగం, అంటే 0.000055 బిట్‌కాయిన్. లెక్క సులువు కోసం ఒక బిట్‌కాయిన్ 80 లక్షల రూపాయలు అనుకుందాం. రోజుకు 440 రూపాయలు. కరెంటు రోజుకు 78 యూనిట్లు. నెలకు 800 యూనిట్లు దాటిన ఇళ్ళకు మన దగ్గర యూనిటు పది రూపాయల స్లాబు పడుతుంది. అంటే 780 రూపాయలు. రోజుకు 340 రూపాయల నష్టం. యంత్రం ఖరీదు, ఎండాకాలం కూలరు ఖర్చు ఇందులో వేయనే లేదు. యూనిటు ఐదున్నర రూపాయలకు దొరికితే సరికి సరి. అంతకంటే చౌకగా దొరికేచోట పెద్ద పెద్ద కంపెనీలు నిజంగానే సంపాదిస్తున్నాయి. చైనా 2021లో తవ్వకాన్ని నిషేధించినప్పుడు ఆ యంత్రాలు చాలావరకు అమెరికాకు, కజకిస్థాన్‌కు తరలిపోయింది చౌక కరెంటు కోసమే. కాబట్టి మైనింగులో లాభం అన్నది కంప్యూటరు విద్య కాదు, కరెంటు ధర.

బావకు చటుక్కున ఒక ఆలోచన వచ్చింది. "మరి మన బాయికాడ కరెంటు ఫ్రీయే కదా!" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకూ ఒక్క నిమిషం ఆశ పుట్టింది. బిల్లు లేకపోతే రోజుకు 440, నెలకు 13,200. పత్తి మీద నెలకు అంత మిగిలే రైతు మా ఊళ్ళో ఎవరున్నారు? 2004 నుండి వ్యవసాయానికి కరెంటు ఉచితం, 2018 జనవరి 1 నుండి తెలంగాణలో ఇరవైనాలుగు గంటలు అన్నారు. మోటారు షెడ్డులో మోటారు పక్కన ఇంకో పెట్టె మోగుతుంటే ఎవరు చూడొచ్చారు? కాని ఒక పనికి ఇచ్చిన కరెంటును ఇంకో పనికి వాడటం 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వాడకం. మలేషియాలో సరవాక్ రాష్ట్రపు మిరి పట్టణంలో కరెంటు దొంగతనంతో తవ్వుతున్న 1,069 యంత్రాలను 2021లో పోలీసులు రోడ్డు రోలరు కింద వేసి తొక్కించారు. ఇది నాయినతో ఫోనులో అంటే ఆయన సెక్షన్లు అడగలేదు. "ఒక్క ట్రాన్స్‌ఫార్మరు మీద పదిహేను మోటార్లున్నయి. అది కాలిందంటే అందరి పొలాలు ఎండుతయి. వాళ్ళ మొఖం నేను చూడాలె గదా" అన్నాడు. ఆ ముచ్చట అక్కడితో అయిపోయింది.

స్టేకింగు అనే మాట కూడా సదస్సులో చాలాసార్లు వినబడింది. ఈథీరియం అనే రెండో పెద్ద క్రిప్టో పుస్తకంలో 2022 సెప్టెంబరు 15న తవ్వకం మానేసి ఈ పద్ధతికి మారారు. దాంతో దాని కరెంటు వాడకం నూటికి తొంభైతొమ్మిది పాళ్ళకు పైగా తగ్గిపోయింది. తైబజారు వేలం పాడేవాడు ముందు ధరావత్తు కట్టినట్టు, ఇక్కడ పేజీ రాయదలచినవాడు 32 ఈథర్లు ధరావత్తుగా పెట్టాలి. వంతు వచ్చినప్పుడు సరిగ్గా రాస్తే కొంత ప్రతిఫలం. దొంగలెక్క రాస్తే ధరావత్తులో కోత. అంత సొమ్ము లేనివాళ్ళు ఎవరి ద్వారానో చిన్న వాటాలు పెడతారు. మరి ఈ ప్రతిఫలం ఎక్కడికెళ్ళి వస్తుంది? కొత్తగా పుట్టే ఈథర్లు కొన్ని, లావాదేవీల రుసుములు కొన్ని. ఏడాదికి సుమారు మూడు శాతం. అది కూడా ఈథర్లలోనే ఇస్తారు. ఈథరు ధర సగమైతే మూడు శాతం ఏం ఆదుకుంటుంది? ఇక ఇరవై శాతం వడ్డీ ఇస్తామన్న పెద్ద క్రిప్టో పథకం ఒకటి ఉండేది. టెర్రా అనే కాయిను మీద నడిచింది. 2022 మే నెలలో ఆ టెర్రా, దాని జంట లూనా రెండూ కొద్ది రోజుల్లో కుప్పకూలాయి. 80 డాలర్లకు పైనున్న లూనా పైసకు కూడా కొరగాకుండా పోయింది.

మూడవది, కొని దాచుకోవడం. ఇందులో నా అభిప్రాయం వేరేవాళ్ళకు నచ్చకపోవచ్చు. మా క్లాసులోనే ఇద్దరు మిత్రులు కొన్నారు, ఒకడికి లాభమే వచ్చింది. 2010 మే 22న అమెరికాలో ఒకాయన రెండు పిజ్జాల కోసం 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. 2021 నవంబరులో ఒక్కటే 69,000 డాలర్ల దాకా పోయింది. ఏడాది తిరగకముందే 16,000 కంటే కిందికి పడింది. 2024 డిసెంబరులో లక్ష దాటింది. కాబట్టి లాభపడినవాళ్ళు లేరని ఎవరూ అనలేరు. కాని ఆ లాభం ఎక్కడి నుంచి వచ్చింది? ఎకరం భూమి కౌలిస్తుంది. బర్రె పాలిస్తుంది. బిట్‌కాయిన్ ఏమీ ఈనదు. మనకంటే ఎక్కువ ధర పెట్టి కొనేవాడు వస్తేనే మనకు లాభం. బంగారం మాత్రం ఏమీనుతుంది అని మా లెక్చరరుగారు అడిగారు. నిజమే, నేను జవాబు చెప్పలేకపోయాను. మా అమ్మ పుస్తెలతాడు ఆపదొస్తే మండలంలోని ఏ షావుకారైనా తూకం వేసి పైసలిస్తాడు అని మాత్రం అన్నాను.

దాచుకునేచోటు కూడా చూసుకోవాలి. మనదేశంలో అందరికంటే పెద్దదిగా పేరున్న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి నుండి 2024 జులై 18న దాదాపు 23 కోట్ల డాలర్ల క్రిప్టోను హ్యాకర్లు ఎత్తుకుపోయారు. ఖాతాదారులు ఏడాదికి పైగా తమ సొమ్ము కోసం ఎదురుచూశారు. బ్యాంకు డిపాజిట్టుకున్నట్టు వీటికి బీమా లేదు.

చట్టం సంగతి త్వరగా చెప్తాను. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, ఈ వ్యాపారం చేసేవారికి బ్యాంకులు సేవలందించరాదని ఉత్తర్వు ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కొనడం అమ్మడం నేరం కాదు, కాని ఇది చెల్లుబాటయ్యే ద్రవ్యం కూడా కాదు. 2022 ఏప్రిల్ 1 నుండి లాభం మీద 30 శాతం పన్ను. ఒక కాయిను మీద పదివేలు లాభం, ఇంకోదాని మీద పదివేలు నష్టం వస్తే మనకు మిగిలింది సున్న, అయినా 3,000 పన్ను కట్టాలి. నష్టాన్ని తీసివేయనివ్వరు. తవ్వేవాడి కరెంటు బిల్లును కూడా తీసివేయనివ్వరు. 2022 జులై 1 నుండి అమ్మినప్పుడల్లా ఒక శాతం టి.డి.ఎస్. పట్టుకుంటారు. పట్టుకుంటారు అన్నమాట గమనించండి. మనకు వచ్చేదాంట్లోంచి కోస్తారు. మన జేబులోంచి ముందు కట్టమనరు. ఇది తరువాత మాకు పనికి వచ్చింది.

ఇప్పుడు బావ యాప్. లక్షకు రోజుకు వెయ్యి. తవ్వకమైతే కరెంటు పోను మిగలాలి, ధర పడితే తగ్గాలి, హద్దు బిగుసుకుంటే తగ్గాలి. ఈ యాప్‌లో దసరా నుంచి సంక్రాంతి దాకా ఒక్క రూపాయి తేడా లేకుండా వచ్చింది. బిట్‌కాయిన్ ధర ఎట్లా ఊగినా సరే! అక్కడే నాకు అర్థం కావలసింది. నిజమైన తవ్వకంలో ఆదాయం నిలకడగా ఉండే వీల్లేదు. నిలకడగా వస్తున్నదంటే అది తవ్వకం నుండి రావడం లేదు. వెనక చేరినవాళ్ళు కట్టింది ముందు చేరినవాళ్ళకు పంచుతున్నారు. ప్రతి మెట్టులోనూ మనుషులు రెట్టింపు కావాలనుకుంటే ఒక్కడితో మొదలై ఇరవైఐదు మెట్లకు 3 కోట్ల 35 లక్షలవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ మొత్తం 3 కోట్ల 50 లక్షలు. ఇరవైఆరో మెట్టుకు మనుషులు ఎక్కడ దొరుకుతారు?

ఇది కొత్త విద్య కాదు. గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం 2015 ప్రాంతంలో తవ్వకం పేరు చెప్పి నెలకు పది శాతం చొప్పున పద్దెనిమిది నెలలు ఇస్తామన్నది. 2018లో దాని నిర్వాహకుడు అరెస్టయ్యాడు. హెచ్.పి.జెడ్. టోకెన్ అనే యాప్ బిట్‌కాయిన్ తవ్వే యంత్రాల మీద పెట్టుబడి అంటూ 57,000 కడితే రోజుకు 4,000 చొప్పున మూడు నెలలు ఇస్తామన్నట్టు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటువారు చెప్పారు. గుణించి చూడండి, 3 లక్షల 60 వేలు. 2024లో మన నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేరున జరిగిన వ్యవహారంలో పోలీసులు పట్టుకున్నవారిలో ప్రభుత్వోద్యోగులు కూడా ఉన్నారు. చదువుకున్నవాడు చెప్తే జనం నమ్ముతారు. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది.

సదస్సు నుండి వచ్చిన రాత్రి నాయినకు ఫోను చేసి, రోజుకు 450 సంగతి, బోర్ల పోలిక చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "అంటే నీళ్ళు లేని బోరుకు దినాం నీళ్ళు వస్తున్నయని చెప్తుండ్రన్న మాట" అన్నాడు. లక్ష ఇవ్వలేదు. మోటారు వైండింగు చేయించి, మిగిలినవి చెల్లె కాలేజీ ఫీజుకు ఉంచాడు.

బావ మాత్రం వెంటనే నమ్మలేదు. ఫోనులో అంకె పెరుగుతూనే ఉన్నది కదా. ఫిబ్రవరిలో పైసలు బయటికి తీయబోతే, ముందు 18,000 టాక్సు కడితేనే వస్తాయని యాప్‌లో వచ్చింది. టి.డి.ఎస్. అట్లా ఉండదని, వచ్చేదాంట్లోంచే కోస్తారని చెప్పి బావను ఆపగలిగాను. కాని ఆ ఏడుగురిలో ఒకాయన అప్పటికే భార్య కమ్మలు కుదువబెట్టి కట్టేశాడు. మార్చిలో యాప్ తెరుచుకోవడం మానేసింది. సదస్సు జరిగిన లాడ్జిలో అడిగితే హాలు ఒక్క పూటకు కిరాయికి తీసుకున్నారని చెప్పారు.

బావా నేనూ కలిసి 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించాము. పైసలు పంపిన గంటల్లోనే చేస్తే అవతలి ఖాతాను ఆపించే అవకాశం ఎక్కువట. మేము ఐదు నెలల తరువాత చేశాము. మన కాలేజీ మిత్రుల ఇళ్ళలో ఎవరైనా ఇట్లాంటిదాంట్లో ఉంటే ఆ నంబరు ఈరోజే వాడండి. హాస్టల్లో నా గదికి వస్తే లెక్క వేసిన ఆ కరపత్రం చూపిస్తాను.

వేసవి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఆ ఏడుగురి ఇళ్ళకూ పోయాను. ఇద్దరు లోపలికి రమ్మన్నారు. కమ్మలు పోయినామె మంచినీళ్ళిచ్చి, "నువ్వు నిజమే అన్నవట గదా బిడ్డా" అన్నది. అన్నానని ఒప్పుకున్నాను. బావ ఒక ఎడ్ల జత అమ్మి ముగ్గురికి సగం సగం ఇచ్చాడు. ఫిర్యాదు నంబరు రాసుకున్న కాగితం నా ఫిజిక్స్ రికార్డులో ఉన్నది. ప్రతి ఆదివారం బావ ఫోను చేసి, ఏమన్న తెలిసిందా బామ్మర్దీ అని అడుగుతాడు.